తెరమీద ఒక నమాజు

సెలవుల నుంచి తిరిగివచ్చిన మా మద్రసా విద్యార్థి ఒకడు పాఠం ముగిశాక నా దగ్గరకు వచ్చి, "ఉస్తాద్, నేనొక సినిమా చూశాను. మీరు కోప్పడనంటే చెబుతాను" అన్నాడు. చెప్పమన్నాను. "మొదట్లోనే హీరో నమాజు చేస్తాడు. ఇక బాంబు పేలుతుందనుకున్నాను. పేలలేదు" అన్నాడు.

పదిహేనేళ్ళ పిల్లవాడు. తండ్రి, తాత రోజూ ఐదు పూటలా చేసే సజ్దాను తెరమీద చూడగానే దాని వెనుక బాంబును ఊహించుకోవడం వాడికి అలవాటైపోయింది. ఆ అలవాటు ఇంట్లో అబ్బింది కాదు. హాలీవుడ్‌లోనూ మన దేశంలోనూ తీసిన ఎన్నో పోరాట చిత్రాలు నేర్పిన పాఠమది.

వాడు చూసింది 2011 నాటి ఇండొనేషియా చిత్రం 'ది రెయిడ్'. పిల్లలతో మాట్లాడాలంటే తెలియాలి కదా అని నేనూ చూశాను. జకార్తాలోని ఒక బహుళ అంతస్తుల భవనంలో తిష్ఠ వేసిన నేరస్థుల నాయకుణ్ణి పట్టుకోవడానికి 20 మంది పోలీసులు వెళ్తారు. కథ దాదాపు అంతే. ఖర్చు సుమారు 11 లక్షల డాలర్లు; హాలీవుడ్ లెక్కలో అది చిల్లర డబ్బు. దర్శకుడు గ్యారెత్ ఎవాన్స్ వేల్స్ నుంచి వచ్చినవాడు. కథానాయకుడు ఇకో ఉవైస్ చిత్రరంగానికి రాకముందు ఒక టెలిఫోన్ కంపెనీలో డ్రైవరు. పెంచక్ సిలాత్ అనే సంప్రదాయ పోరాట విద్యను చిన్ననాడే తన కుటుంబ శిక్షణశాలలో అభ్యసించాడు.

కథానాయకుడి పాత్ర పేరు రామ. మనవారు ఆశ్చర్యపోవచ్చు గాని, జావా ముస్లిములు రామాయణ, మహాభారతాల పేర్లు పెట్టుకోవడం అక్కడ సర్వసాధారణం. అతడు నమాజు చేస్తాడు, కసరత్తు చేస్తాడు, గర్భవతి అయిన భార్యకు, తండ్రికి చెప్పి పనికి బయలుదేరతాడు. ఆ నమాజుకు చిత్రంలో ఎవరూ వివరణ ఇవ్వరు, ఎవరూ దాన్ని అనుమానించరు. నేరస్థులు, పోలీసులు, లంచగొండి అధికారి అందరూ ఆ దేశస్థులే. మంచివాడూ చెడ్డవాడూ ఒకే సమాజంలో కనిపిస్తున్నప్పుడు ఒకడి నేరం సమాజమంతటికీ అంటుకోదు. పోలీసు దళ నాయకుడిగా నటించిన జో తస్లిమ్ చైనా మూలాలున్న ఇండొనేషియన్, ఒకప్పటి జాతీయ జూడో క్రీడాకారుడు. అతణ్ణి కూడా పరాయివాడిగా చూపలేదు.

దీనికి చాలా ముందే, 1972లో, బ్రూస్ లీ తన 'గేమ్ ఆఫ్ డెత్' కోసం శిష్యుడు కరీం అబ్దుల్ జబ్బార్‌తో పోరాట దృశ్యం చిత్రీకరించాడు. ఆ బాస్కెట్‌బాల్ వీరుడు అప్పటికే ఇస్లాం స్వీకరించి పేరు మార్చుకున్నాడు. చిత్రం 1978లో విడుదలైంది. ఏడడుగుల మనిషి తెరనిండా ఉన్నాడు. అతని ధర్మం మాత్రం ఎక్కడా కనిపించదు. మనిషిని చూపడం వేరు, అతని జీవితాన్ని చూపడం వేరు.

పశ్చిమ సుమత్రాలోని మినాంగ్‌కబావు ప్రజల్లో వెనుకటి రోజుల్లో మగపిల్లలు రాత్రిళ్ళు 'సురావు' అనే ప్రార్థనామందిరంలోనే పడుకునేవారు. అక్కడే ఖుర్ఆన్ పఠనం, అక్కడే సిలాత్ సాధన. 2019లో యునెస్కో ఈ విద్యను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. మన హైదరాబాదు పాతబస్తీలో కుస్తీ నేర్పే చోటును కూడా 'తాలీం' అనే అంటారు. చదువుకూ అదే మాట!

ఇంత చెప్పినా, ఆ చిత్రాన్ని ఏ ఇంటికీ సిఫారసు చేయను. అందులో రక్తపాతం మితిమీరింది. కొట్లాటలో సైతం ముఖం మీద కొట్టవద్దని దైవప్రవక్త (స) వారించారు. ఇందులో దెబ్బల్లో అధికభాగం ముఖానికే. కుస్తీలో పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను నిగ్రహించుకునేవాడే బలవంతుడని కూడా ఆయన బోధించారు. అటువంటి బలవంతుడు తెరమీద నాకింకా కనిపించలేదు. నమాజు చేసి బయలుదేరిన రామ ఆ రోజు జుహ్ర్ ఎక్కడ చేశాడో కూడా దర్శకుడు చూపలేదు.