అయిదడుగుల మూల

మా ఇంట్లో ఒక మూలతొట్టి ఉంది. న్యూజెర్సీలో మేం కొనుక్కున్న ఇల్లు 90లలో కట్టినది. ఆ కాలపు ఇళ్లు చూసినవారికి తెలుసు. పెద్ద పడకగదికి ఆనుకొని స్నానాలగది, ఆ గది మూలన రెండు గోడలకూ అతుక్కొని, ముందువైపు వంపు తిరిగిన తొట్టి. ఇల్లు చూడబోయిన రోజున మా ఆవిడ దాని అంచుమీద కూర్చుని, "ఈ ఇల్లే తీసుకుందాం" అంది. కొన్న మొదటి నెలలో అందులో మూడుసార్లు స్నానం చేశాం. ఆ తర్వాత మడతపెట్టని బట్టలు అందులోకి చేరాయి. మేం మాత్రం పక్కనున్న షవర్లో బకెట్టూ మగ్గూ పెట్టుకుని సుఖంగా ఉన్నాం. మీ ఇళ్లలోనూ ఇంతేనేమో, నవ్వకండి.

అయినా ఆశ చావదు కదా! రిటైరయ్యాక ఏడాదికి నాలుగు నెలలు ఊళ్లో ఉందామనుకున్నప్పుడు, అక్కడి ఇంట్లో కూడా ఒక మూలతొట్టి పెట్టించాలని నాకు బుద్ధి పుట్టింది.

మా ఊరు అత్తిమంజేరిపేట. తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు వైపు వెళ్తే వస్తుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. బళ్లో పాఠాలు మారాయి, బస్సుల మీద బోర్డులు మారాయి. ఇంట్లో మాటలు మాత్రం మారలేదు. అమ్మకు ఇప్పటికీ స్నానాలగది అంటే జలదారే. వంటింటి వెనక మూలన నాలుగు రాతిపలకలు, పక్కన వెన్నీళ్ల కాగు, నీళ్లు బయటికి పోవడానికి గోడలో ఒక తూము. మా అందరి తలంట్లూ అక్కడే జరిగాయి.

కిందటేడు ఆ పలకల మీదే అమ్మ జారిపడింది. ఆ సంగతి నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. "బాగుండాను నాయనా" అనే అంటోంది. నాలుగో రోజు పక్కవీధిలో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, అమ్మ మణికట్టు విరిగింది, నీకు చెప్పొద్దంది" అని ఏడ్చింది. అమ్మను అడిగితే, "రవంత జారింది, అంతే. నీకు చెప్తే అంత దూరం నుంచి నువ్వేం చేస్తావు?" అంది. ఆ మాటకు జవాబు లేక నెల తిరిగేలోగా విమానం ఎక్కాను.

అమ్మ పడుకునే గదికి ఆనుకొని ఒకప్పటి మగ్గం గది ఉంది. నాన్న పోయాక అందులో మగ్గం లేదు, గుంట మాత్రం మిగిలింది. గుంటమగ్గం చూడని పిల్లల కోసం చెప్తాను. నేతగాడు నేలమట్టాన కూర్చుని కాళ్లు గుంటలోకి దించి, కింద చెక్కలు తొక్కుతూ పైన నాడె విసురుతాడు. ఆ గదిని స్నానాలగది చేయాలన్నది అందరి నిర్ణయం. ఆ గుంటలోనే మూలతొట్టిని దించాలన్నది నా ఒక్కడి నిర్ణయం. సగం భూమిలో ఉంటే అంచు ఎత్తు తగ్గుతుంది, అమ్మ సులువుగా దిగుతుంది, నాన్న గుంట కూడా పదిలంగా ఉంటుంది! ఎంత తెలివో చూడండి.

మేస్త్రి వచ్చి నా మాట అంతా విన్నాడు. కాదనలేదు. జేబులోంచి సుద్దముక్క తీశాడు.

గది 8 అడుగుల పొడుగు, 7 అడుగుల వెడల్పు. నేను ఎంచుకున్న తొట్టి రెండు గోడల వెంబడి అయిదేసి అడుగులు. పాత దినపత్రికలు అతికించి, ఆ వంపు ప్రకారం కత్తిరించి మూలన పరిచాం. ఇక మిగిలింది ఒకవైపు 3 అడుగులు, మరోవైపు 2. కమోడు పెట్టాలంటే దాని నడుమ నుంచి ఇరుపక్కలా 15 అంగుళాలైనా వదలాలి, ముందు మోకాళ్లకు రెండడుగులు కావాలి. వాష్‌బేసిన్ ఎక్కడ? తలుపు లోపలికి తెరిస్తే తొట్టికి తగులుతుంది. మూలతొట్టి మూలలో ఒదిగిపోతుంది కాబట్టి చోటు కలిసొస్తుందని చాలామంది అనుకుంటాం, నేనూ అనుకున్నాను. మామూలు పొడుగు తొట్టి 5 అడుగులకు రెండున్నర. అంటే గోడ వెంబడి అదే అయిదడుగులు ఇచ్చి, గదిలోకి దానికన్నా చాలా ఎక్కువ చొచ్చుకొచ్చేది ఈ మూలతొట్టే. గది పెద్దదైతే అందం, చిన్నదైతే ఆక్రమణ.

"నీళ్ల సంగతి చూడు సార్" అన్నాడు మేస్త్రి. ఆ తొట్టి నిండాలంటే సుమారు 250 లీటర్లు. మేడ మీద టాంకు వెయ్యి లీటర్లది. 25 లీటర్ల గీజరు నీళ్లను మరీ కాగబెట్టి చన్నీళ్లు కలిపినా, గోరువెచ్చటి నీళ్లు ఎనభై లీటర్లు దాటవు. అంటే మూడు విడతలు కాచాలి. మూడో విడత కాగేలోగా మొదటి విడత చల్లారుతుంది. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ పథకం మనిషికి రోజుకు లెక్కగట్టింది 55 లీటర్లు. నా ఒక్క స్నానం నలుగురి పైచిలుకు వాటా! మా జిల్లాలోనే ఉన్న పూండి జలాశయం నుంచి చెన్నైకి నీళ్లు పోతాయి. 2019 వేసవిలో ఆ జలాశయంతో సహా నగరానికి నీళ్లిచ్చే చెరువులన్నీ ఎండిపోయి, జనం బిందెలతో లారీల వెంట పరుగెత్తడం అందరం టీవీల్లో చూశాం. ఆ లెక్క విన్నాక నా ఉత్సాహం సగం దిగింది.

మిగతా సగం గుంట దగ్గర దిగింది. తొట్టి అడుగు గుంటలో ఉంటే, నీళ్లు పోయే గొట్టం అంతకన్నా కింద ఉండాలి. గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు కావాలి. వీధి కాలువేమో గుంట అడుగు కన్నా పైన ఉంది. "నీళ్లు ఎక్కిరావు కదా సార్" అన్నాడు మేస్త్రి. ఇంజనీరింగ్ చదివిన నాకు ఈ ముక్క తట్టలేదు. నాలుగున్నరవేల ఏళ్ల పాత మాట కాదూ ఇది! మొహెంజొదారోలో ఇంటింటా స్నానపు అరుగులు ఇటుకలతో, నీళ్లు నిలవకుండా వాలుగా కట్టారు. వాటిని వీధివైపు గోడకు ఆనించి, నీళ్లు వీధి కాలువలోకి పోయేలా చేశారు. మా జలదారి తూము కూడా ఆ తెలివే.

అయినా ఆఖరి ప్రయత్నంగా అమ్మకు ఒక కథ చెప్పాను. జకూజీ తొట్ల పేరు మీరు వినే ఉంటారు. కాలిఫోర్నియాలో ఆ కుటుంబంలోని కాండిడో జకూజీ, కీళ్లవాతంతో బాధపడే తన కొడుకు కోసం తొట్టి నీళ్లను సుడులు తిప్పే పంపు తయారుచేశాడు. 1968లో అదే కుటుంబపు రాయ్ జకూజీ ఆ ఏర్పాటును తొట్టిలోనే అమర్చాడు. "చూడమ్మా, నీ మోకాళ్లకు కూడా వేణ్ణీళ్లు మంచివే కదా" అన్నాను.

అమ్మ శ్రద్ధగా వింది. "ఆ బిడ్డను ఎత్తి దించేదానికి నాయన పక్కన ఉండాడు. నన్నెవరు దించేది నాయనా?" అంది.

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగింది. చేతికర్ర ఊతంగా నెమ్మదిగా వచ్చి, నేల మీది కాగితపు తొట్టి పక్కన నిలబడింది. వెనక్కి తిరగబోయింది. కర్రకు చోటు చాలలేదు. కాగితం అంచు తొక్కి ఆగిపోయింది. ఆ నిముషంలో మేమెవరం మాట్లాడలేదు.

కాస్సేపటికి గుంట వైపు చూసి అమ్మే అంది. "ఇది తవ్వేటప్పుడు మీ నాయనను ఇక్కడ కూర్చోబెట్టి, ఆయన కాళ్ల పొడుగు చూసి తవ్వినారు. మీ చిన్నాయన వచ్చి కూర్చుంటే కాళ్లు అందేవి కావు, పీట వేసుకొనేవాడు."

నాకు అప్పుడు తెలిసింది, నేను ఎక్కడ తప్పానో. వారం రోజులుగా తొట్టిని కొలిచాను, గోడలను కొలిచాను. మనిషిని కొలవలేదు.

మర్నాడు మళ్లీ కొలిచాం, ఈసారి అమ్మతో మొదలుపెట్టి. చక్రాల కుర్చీ గిర్రున తిరగడానికి కావలసిన చోటు అయిదడుగులు. తొట్టి అడిగినదీ సరిగ్గా అంతే! ఆ అయిదడుగులనూ ఖాళీగా వదిలేశాం. ఈరోజు కర్రకు, రేపు అవసరమైతే కుర్చీకి. తలుపు మూడడుగుల వెడల్పు, బయటికి తెరుచుకునేది. లోపల ఎవరైనా పడితే, లోపలికి తెరిచే తలుపుకు ఆ మనిషే అడ్డం పడతారు. గడప లేదు. కాలు జారని గరుకు టైల్సు. గుంట పూడ్చిన మూలన, 18 అంగుళాల ఎత్తున, గోడల్లోకి కలిపి ఒక అరుగు. దాని మీద కూర్చుంటే కుడిచేతికి కుళాయి, ఎడమచేతికి గోడలో గట్టిగా బిగించిన స్టీలు కడ్డీ. వాలంతా తూము వైపు.

గుంట పూడ్చేరోజు నేను అక్కడ ఉండలేకపోయాను, వీధి అరుగు మీద కూర్చున్నాను. అమ్మ మాత్రం దగ్గరుండి మట్టి వేయించింది. పూడ్చే ముందు గుంటలోకి పిడికెడు పసుపు చల్లిందని మా చెల్లెలు తర్వాత చెప్పింది.

నేను బయల్దేరేముందు ఆదివారం అమ్మకు మూలన అరుగు మీద తలంటు. చెల్లెలు సీకాయ రుద్దింది, నేను చెంబుతో నీళ్లు పోశాను. రెండు బకెట్లు, అంటే నలభై లీటర్లు. "చాలు నాయనా, హాయిగా ఉండాది" అంది అమ్మ, కడ్డీ పట్టుకుని తనంతట తానే లేస్తూ.

తొట్టి కొనాలనుకునేవారిని వద్దనను. చోటూ నీళ్లూ ఉంటే అది మంచి సుఖమే. కొనేముందు మాత్రం పాత కాగితాలు కత్తిరించి నేల మీద పరవండి. మీ ఇంట్లో అందరికన్నా పెద్దవారిని పిలిచి, ఆ గదిలో ఒకసారి నడిచి, వెనక్కి తిరగమనండి. వాళ్లు కొలత చెప్తారు.

తిరిగొచ్చాక మా మూలతొట్టిలోని బట్టలు తీసి మడతపెట్టాను. అంచు ఎక్కి లోపలికి దిగి చూశాను. లేవడానికి పట్టుకునేందుకు ఏమీ లేదు. నాకూ అరవై అయిదు వచ్చాయి. కడ్డీ బిగించడానికి వచ్చే శనివారం మనిషిని రమ్మన్నాను.