నీడకు కొలతలు

ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నానని చెబితే మా బత్తలపల్లెలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "అంటే సీలింగుకు ఆ పువ్వులు, లైట్లు పెట్టిస్తారే, అదేనా?" అలా అడగడంలో తప్పు లేదు. అనంతపురం నుంచి మా ఊరి మీదుగా కదిరికి పోయే రోడ్డు పొడవునా లేస్తున్న కొత్త ఇళ్లలో కనబడేది అదే మరి. జిప్సం బోర్డు, దాని అంచున నీలం ఎల్‌ఈడీ పట్టీ, గోడ నిండా టీవీ యూనిట్టు, పెద్ద గాజు కిటికీ, ఆ కిటికీకి పొద్దస్తమానం దించి ఉంచే మందపాటి కర్టెన్. నాకు బాధ కలిగించేది ఆ కర్టెనే. వెలుతురు రావాలని అంత కిటికీ పెట్టించి, వచ్చిన ఎండకు తాళలేక కర్టెన్ దించి, గది చీకటైందని పట్టపగలు లైటు వేసుకుంటున్నాం.

కాలేజీలో చేరిన కొత్తలో మా క్లాసు గోడలకు అంటించిన మూడ్ బోర్డులు సగానికి సగం ఉత్తర యూరప్ ఇళ్లవి. తెల్లటి గోడలు, లేత రంగు చెక్క, నేల నుంచి కప్పు దాకా గాజు. ఎంతో అందమైన ఇళ్లు అవి. స్టాక్‌హోమ్‌లో డిసెంబరులో పగలు సుమారు ఆరు గంటలే. దొరికిన కాస్త వెలుతురునూ వృథా పోనీయకుండా గదంతా పరచడానికే ఆ తెలుపు, ఆ గాజు. వాళ్ల చలికీ చీకటికీ తగినట్టు పుట్టిన అందం అది. మా సంగతి వేరు. 2022లో మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది గానీ, నేల మాత్రం అనంతపురం మెట్టనేలే. ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. ఇక్కడ వెలుతురుకు కొదవ లేదు, కొదవంతా నీడకే. కాబట్టి ఇక్కడివాళ్లకు ఇంటి లోపల గీసిపెట్టేవాళ్లు ముందు నీడను కొలవడం నేర్చుకోవాలని నా గట్టి నమ్మకం.

రెండో సంవత్సరంలో ఒక పాత ఇంటి లోపలి భాగాన్ని కొలిచి గీయమన్నప్పుడు నేను మా అవ్వ మట్టిమిద్దెను ఎంచుకున్నాను. రాయీ మట్టీ కలిపి లేపిన గోడలు రెండడుగుల మందం. ఆ మందంలోనే ఇంటి సామానుకంతా చోటు దొరికింది. దీపానికో గూడు, ఉప్పు జాడీకో గూడు, పసుపు కుంకుమలకో అల్మర, అన్నీ గోడలోపలే. నేలమీద చోటు ఆక్రమించే బీరువా ఒక్కటీ లేదు. పైన దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన ఆకూ అలమూ పరిచి మట్టి కొట్టి, అన్నిటికీ పైన చవుడు. వానలకు ముందు చవుడు తెచ్చి మిద్దె మీద పోసుకోవడం ఒకప్పుడు మా వైపు ఇంటింటి పని. చవుటి నేలలో సోడియం ఎక్కువ. తడి తగలగానే ఆ మట్టి మెత్తటి రేణువులుగా విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి, నీళ్లు కిందికి దిగవు. చేనులో పైరును ఎదగనీయని గుణమే మిద్దె మీద ఇంటిని కాపాడుతుంది. వాన తక్కువ గనకనే చదునైన మట్టి కప్పు ఇక్కడ నిలిచింది. కోస్తా వానలకు అది ఆగదు, వాళ్లకు ఏటవాలు పెంకుటిల్లే కావాలి.

పగలంతా ఆ గోడలూ కప్పూ పీల్చుకున్న వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. అప్పటికి ఇంట్లోవాళ్లు మంచాలు బయట వేసుకుని ఉంటారు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబుకు అంత ఓపిక లేదు, పొద్దు వాలకముందే వేడిని గదిలోకి దించేస్తుంది. క్లాసులో థర్మల్ లాగ్ అని బోర్డు మీద గీత గీసి ఈ సంగతి చెబుతున్నప్పుడు, ఆ గీత ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో చిన్నప్పటి నుంచీ నా ఒంటికి తెలుసు. ఆ పాఠం మీద నాకు కలిగినంత ప్రేమ మరే పాఠం మీదా కలగలేదు.

అవ్వ ఇంటికి కిటికీలు తక్కువ, ఉన్నవీ చిన్నవే. వెలుతురంతా కప్పులో ఉన్న గవాక్షి నుంచి రావాల్సిందే. జానెడు వెడల్పు గుండ్రటి కంత అది. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి బండ మూసి రావాలి. ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను ఆ వెలుతురు వెంటే తిరిగాను. గంటకోసారి నేల మీద ఎండబిళ్ల ఎక్కడుందో చూసి, దాని చుట్టూ ముగ్గుపిండితో గీత వేశాను.

"యాలమ్మే, ఇంట్లోపల ముగ్గేస్తాండావు?" అంది అవ్వ.

చెప్పాను. ఆమె గీతలన్నీ ఒకసారి చూసి, "ఆ గరిసెకాడికి ఎండొస్తే నేను ఎసరు పెడతా. రోటికాడికొచ్చిందంటే మీ తాత చేనుకాన్నుంచి వచ్చే యాళ" అని పనిలోకి పోయింది. నా డ్రాయింగులో ఆ రెండు గీతల పక్కన గంటలు రాయలేదు, అవ్వ మాటలే రాశాను.

సూర్యుడు మా ఊరి నడినెత్తిన నిలిచేది ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ నెలాఖరున ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఎండబిళ్ల సరిగ్గా గవాక్షి కిందే పడుతుంది. ఆ రెంటి నడుమ నెలల్లో కొంచెం దక్షిణానికి, చలికాలంలో బాగా ఉత్తరానికి జరుగుతుంది. ఇది తెలిస్తే కుండలు ఎక్కడ పెట్టాలో, పాపాయి ఊయల ఎక్కడ కట్టాలో తెలిసినట్టే.

ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో వీపురి పట్టణంలో కట్టిన గ్రంథాలయం 1935లో పూర్తయింది. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది. అక్కడి హాలు కప్పులో 57 గుండ్రటి గవాక్షాలు, ఒక్కొక్కటి దాదాపు ఆరడుగుల వెడల్పు. ఆ ఊళ్లో సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి ఎక్కడు. ఏటవాలుగా వచ్చిన ఎండ లోతైన ఆ గొట్టాల గోడలకు తగిలి చెదిరి, మెత్తటి వెలుతురై పుస్తకం మీద పడుతుంది. అదే ఆరడుగుల కంత మా అవ్వ ఇంటికి పెడితే ఏప్రిల్లో లోపల మనిషి ఉండలేడు. అక్కడ ఆరడుగులు, ఇక్కడ జానెడు, రెండూ సూర్యుణ్ని చూసి తేల్చుకున్న కొలతలే. ఆ రెండు కప్పుల కోతలనూ ఒకే షీటు మీద పక్కపక్కన గీశాను. ఇప్పటిదాకా చేసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన షీటు అది.

రంగుల కోసం నేను లేపాక్షి వెళతాను. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన ఆ గుడి మండపంలో బొమ్మలన్నీ కప్పు మీద ఉన్నాయి. సున్నపు తెలుపు మీద కావి ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, పసుపు. పొడుగు కుళ్లాయిల మగవాళ్లు, గళ్ల చీరల, చారల చీరల ఆడవాళ్లు. బయట బండల మీద పడిన ఎండ అక్కడి నుంచి ఎగిరి పైకప్పుకు తగిలే వేళకు చూడాలి ఆ ఎరుపును.

నిమ్మలకుంట మాకు దగ్గరే, ధర్మవరం మండలంలో. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును నానబెట్టి, గీకి, ఆరగట్టి, వెలుతురు దూరేంత పలుచగా చేస్తారు. కింద చెక్క పెట్టి, చిన్నచిన్న ఉలులతో నగల చుక్కలూ చీర అంచులూ పొడుస్తారు. తెర వెనక దీపం పెట్టి ఆడించిన ఆ తోలుతోనే ఇప్పుడు లాంతర్లు, ల్యాంపు షేడులు చేస్తున్నారు. అలాంటి ల్యాంపు ఒకటి నా గదిలో ఉంది. తోలులోంచి వచ్చేది తేనెరంగు వెలుగు, కంతల్లోంచి వచ్చేది తెల్లటి చుక్క. కప్పుకు పన్నెండు లైట్లు బిగించే బదులు గది మూల నేలకు దగ్గరగా ఇలాంటిది ఒకటి పెట్టుకుంటే రాత్రి ఇల్లు ఎంత హాయిగా ఉంటుందో నేను అందరికీ చెబుతూనే ఉంటాను.

ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్టు ధర్మవరంలో ఒక పట్టు నేత కుటుంబానిది. పాత ఇంటి పక్కన మగ్గం కోసం కొత్త గది వేసుకుంటున్నారు. గుంట మగ్గం అంటే నేలలో గుంట, అందులో కాళ్లు, మనిషి కూర్చునేది నేల మట్టానికి. గుంట చల్లదనం దారానికి మంచిదే గానీ, వానకు నీరు ఊరితే పని ఆగిపోతుంది. మగ్గం మీద జకార్డు పెట్టె, దాని నుంచి వేలాడే అట్టల వరస, వీటికి ఎత్తు కావాలి. ఆ ఇంట్లో నన్ను కదిలించిన విషయం ఇంకోటి. రంగు సరిపోయిందో లేదో చూడాలంటే ఆ ఇంటి నేతన్న ప్రతిసారీ పట్టు పోగు పట్టుకుని వాకిట్లోకి వస్తాడు. ట్యూబులైటు కింద ఎరుపు ఒక తీరుగా, పగటి వెలుతురులో ఇంకో తీరుగా కనబడుతుంది. పైగా లైటు నేరుగా పడితే జరీ మెరుపు కళ్లను కొడుతుంది.

జకార్డుకు ఎలాగూ ఎత్తు కావాలి గనక మగ్గం పైనున్న కప్పును మిగతా గదికంటే మూడడుగులు లేపాను. అలా లేచిన గోడలో ఉత్తరం వైపు పొడుగ్గా ఒక వెలుతురు పట్టీ. మే నుంచి జులై దాకా మధ్యాహ్నపు సూర్యుడు మాకు ఉత్తరాన ఉంటాడు కాబట్టి, ఆ పట్టీ పైన ముందుకు చొచ్చుకొచ్చేలా తాడిపత్రి బండ. తూర్పు పడమరల్లో కిటికీలు లేవు. బొంబాయి వంటిళ్ల గట్లకు మన కడప బండ వేసుకుంటారు, మనం మాత్రం గుమ్మం దాటి లోపలికి రాగానే మార్బుల్ అంటాం. ఈ గదిలో నేల, అల్మరలు, ఎండ కాపు అన్నీ బండలే. గుంట చుట్టూ జానెడు ఎత్తు గట్టు కూడా వాటితోనే.

"స్లాబు పొయ్యకముందు చెప్తే ఏమన్నా చేస్తాను పాపా, పోసినాక కొట్టేది నా వల్ల కాదు" అన్నాడు మేస్త్రి. బండల ధర తాడిపత్రిలో కనుక్కుని వస్తానన్నాడు. సంక్రాంతి దాటాక స్లాబు. ఆలోపు తేలాల్సింది ఒకటుంది. ఆ ఇంటి ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది, ఆ పని ఇన్నాళ్లూ వంటింటి గుమ్మం దగ్గరి చీకట్లోనే సాగింది. ఉత్తరపు వెలుతురు మగ్గంతో పాటు ఆమె చేతుల మీదా పడాలంటే గదిని ఇంకో రెండడుగులు పెంచాలి. ఆ రెండడుగులకు అయ్యే ఖర్చు మేస్త్రి లెక్కలో ఇంకా చేరలేదు.