ఉచితముగా లభించిన విద్య మనదగుట యెట్లు?

ఏ వస్తువైనను ఉచితముగా లభించినంత మాత్రమున మనది కాదు. పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబముల వారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. భాషకు వెల లేదు; దానిని వాడుకొనుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. ఐనను బడిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో చదువుకొను పిల్లల నోట తెలుగు నిలువవలెనన్నచో, ఇంట మాటలాడు పెద్దలును, చదివించు గురువును, కలిసికొనుటకు ఒక చావడియు ఉండవలెను. ఇవి లేనిచోట వెలలేని భాష రెండు తరములలో ఇల్లు విడిచిపోవును. నేను కోలారు జిల్లాలో ఒక కళాశాలయందు జీవశాస్త్రము బోధించువాడను. నా వృత్తిలోని ఒక క్రొత్త విద్య విషయమునను ఇదే సత్యము నాకు గోచరించినది. ఆ విద్యను గూర్చియు, దాని చుట్టు మా ప్రాంతమున ఏర్పడిన చిన్న సమాజమును గూర్చియు ఇచ్చట నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ విద్య పేరు బయోఇన్ఫర్మాటిక్స్, జీవసమాచార శాస్త్రమనవచ్చును. ప్రాణుల వంశలక్షణములు డి.ఎన్.ఎ. అను పదార్థమున నాలుగక్షరముల లిపిలో వ్రాయబడినట్లున్నవి. మానవుని విషయమున ఆ గ్రంథము సుమారు 300 కోట్ల అక్షరములు. టమాటా మొక్కది సుమారు 90 కోట్లు. ఆ మొక్కకు ఆకుముడత తెగులు కలిగించు వైరసుది దాదాపు 2,700 మాత్రమే. అక్షరములను చదివి తీయుట ప్రయోగశాలలోని యంత్రముల పని. చదివినదానిని పోల్చుట, దోషములు తొలగించుట, ఏ భాగమేమి చెప్పుచున్నదో నిర్ణయించుట కంప్యూటరుతో చేయవలసిన పని. 2012లో ప్రకటింపబడిన టమాటా జన్యుగ్రంథమునకై 12 క్రోమోజోములలో ఐదవదాని భారమును మన దేశపు శాస్త్రజ్ఞులు వహించిరి. ఇట్టి అక్షరరాశులు, 1982లో ఏర్పడిన జెన్‌బ్యాంకు వంటి భాండాగారములలో చేరుచున్నవి. వానిని ఎవరైనను వెల లేకుండ చూడవచ్చును.

అక్షరములు ఉచితమే గాని, వానితో పనిచేయు పనిముట్లన్నియు అట్టివి కావు. మా కళాశాలవారు ఒకప్పుడు ఒక కంపెనీ సాఫ్ట్‌వేరును సంవత్సరపు చందా మీద తెచ్చిరి. మూడేండ్లు పిల్లలు దానితో పని నేర్చిరి. నాలుగవయేట చందా పెరిగినది. కట్టుటకు ధనము లేకపోయినది. గడువు ముగిసిన మరునాటి నుండి అది తెరుచుకొనలేదు. పిల్లలు దాచుకొనిన ఫలితములు ఆ కంపెనీ సొంత రూపములోనే యుండుటచే వేరొకదానితో చదువ వీలుకాలేదు. ఒక విద్యార్థిని నాలుగు నెలలు కూర్చిన పట్టికలు అట్లే తాళములో చిక్కినవి. ఆమె మరల మొదటి నుండి పనిచేసినది. పరుల తాళపుచెవితో తెరుచుకొను బీరువాలో మన సొత్తు దాచుకొనుట ఎంత ప్రమాదమో ఆనాడు మాకందరకు తెలిసినది.

దీనికి ప్రతిగా లోకమున ఓపెన్ సోర్స్ అను పద్ధతి యున్నది. ప్రోగ్రాముయొక్క మూలపాఠమును అందరకు కనబడునట్లుంచి, వాడుకొనుటకును, దిద్దుటకును, పంచుటకును హక్కిచ్చుటయే ఆ పద్ధతి. న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను అధ్యాపకులు ‘ఆర్’ అను కంప్యూటరు భాషను నిర్మించి, 1995లో ఈ పద్ధతిని లోకమునకు విడిచిరి. 2001లో జెంటిల్‌మన్ ప్రభృతులు దాని ఆధారముగా బయోకండక్టర్ అను జీవశాస్త్ర పరికరముల సముదాయమునకు నాంది పలికిరి. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమున వెలసిన గెలాక్సీ మఱియొక మేలు చేసినది. ప్రోగ్రాము వ్రాయుట తెలియనివారు సైతము బ్రౌజరులో పరికరములను ఒకదాని వెంట నొకటి ఎంచుకొని దానితో పని జరుపుకొనవచ్చును. భారమైన గణనమంతయు దూరమందలి కంప్యూటర్లు చేయును. జర్మనీలోని ఫ్రైబర్గ్ నుండియు, ఆస్ట్రేలియా నుండియు అట్టి సేవ ఉచితముగా లభించుచున్నది. చేసిన ప్రతి మెట్టును అది వ్రాసిపెట్టును గనుక, ఇతరులు అదే పనిని మరల చేసి సరిచూడవచ్చును.

ఇన్ని యుండియు మా పట్టణములలో వీనిని వాడువారు కానరాలేదు. మన కేంద్రప్రభుత్వపు బయోటెక్నాలజీ విభాగము 1986–87లోనే ఈ శాస్త్రమునకై ఒక జాలమును నెలకొల్పినది. బెంగళూరు, మధురై, పుణె నగరములలో కేంద్రములు పేరొందినవి. కాని నగరమునందలి దీపము గ్రామసీమను చేరుట సులభము కాదు. మా పిల్లలకు పాఠములు దొరకుచుండెను. సందేహము కలిగినప్పుడు ప్రక్కబల్ల మీద అడుగుటకు మనిషి దొరకకుండెను.

ఈ కొరత తీరు మార్గము నాకు ఆఫ్రికావారి అనుభవమున కనబడినది. అచ్చట 2012లో, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థల ద్రవ్యసహాయముతో, హెచ్‌త్రీఎబయోనెట్ అను జాలము ఏర్పడినది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు నికోలా మల్డర్ దానికి నాయకత్వము వహించినది. 2016లో వారు మూడు నెలల ప్రవేశపాఠక్రమము నడపిరి. దానికై పది దేశములలోని ఇరువది సంస్థలయందు తరగతులు తెరచి 364 మందిని చేర్చుకొనిరి. ఇంటర్నెట్టు నమ్మదగినది కానందున ఉపన్యాసములను ముందే చిత్రించి పంపిరి. విద్యార్థులు ఒంటరిగా గాక తమ ఊరి తరగతిలో కూడి వానిని చూచిరి. ప్రతి తరగతికిని స్థానికుడైన సహాయకుడు ఒకడుండెను. నిర్ణీత దినములలో అన్ని తరగతులును కంప్యూటరు ద్వారా ఒక్కచోట కలిసి గురువును ప్రశ్నించెను. ఇందు యంత్రవైభవ మేమియు లేదు. గురువు దూరమున నుండవచ్చును గాని తోడు మాత్రము దగ్గర నుండవలెనను వివేకమే ఇందలి బలము.

2022లో ఈ పద్ధతిని మా కొలతకు తగ్గించి ఆరంభించితిమి. కోలారు, చింతామణి, శ్రీనివాసపురము ప్రాంతముల నుండి కొందరు అధ్యాపకులును, ఇరువదిమంది విద్యార్థులును నెలకు రెండు ఆదివారములు ఒక గ్రంథాలయపు మేడగదిలో కూడుచుంటిమి. పాఠములను ముందే దింపుకొని తెచ్చెడివారము. పాఠము ఇంగ్లీషు, చర్చ ఇంటిభాష. జన్యుపాఠములను వరుసగా పేర్చి పోల్చుటను ‘అలైన్‌మెంట్’ అందురు. ఆ మాట పిల్లలకు పట్టుబడలేదు. అప్పుడు నేను, బ్రౌను దొర వేమన పద్యముల వ్రాతప్రతులను సేకరించి పోల్చిన కథ చెప్పితిని. ఒక ప్రతిలో అక్షరము మారును, వేరొకదానిలో జారిపోవును, ఇంకొకదానిలో అధికముగా చేరును. ప్రతులను ప్రక్కప్రక్కన నుంచినగాని ఏది దేనినుండి పుట్టెనో తెలియదు. వైరసుల విషయమును అంతియే. ఆనాటి నుండి మా గదిలో అలైన్‌మెంటునకు ‘ప్రతులు పోల్చుట’ అను పేరే నిలిచినది.

మా విద్యార్థినులలో ఒకామె తండ్రి ఎకరమున్నరలో టమాటా వేయును. తెల్లదోమ వ్యాపింపజేయు ఆకుముడతచే ఆ యేడు తోట సగము పోయినది. ఆమె జెన్‌బ్యాంకు నుండి దక్షిణదేశపు ఆకుముడత వైరసుల పాఠములు తీసి పోల్చి, వానికి వంశవృక్షము గీసినది. వానిలో ఒకదానికి శాస్త్రజ్ఞులు బెంగళూరు పేరే పెట్టియున్నారు. తండ్రి ఒక ఆదివారము వచ్చి ఆ చిత్రమును చాలసేపు చూచి, “ఈ అక్షరాలు చూస్తే మా తోట బతుకుతుందా సార్?” అని అడిగెను.

“ఈ ఏటి తోటను ఇది బతికించదన్నా. ఏ రకం వైరస్ ఎక్కడ తిరుగుతోందో తెలిస్తే, ఏ విత్తనం తట్టుకుంటుందో ముందుగా వెతకొచ్చు,” అంటిని.

ఆయన కొంత ఆలోచించి, “అయితే మా ఊరి ఆకు కూడా ఆ పుస్తకంలో ఎక్కించండి,” అనెను.

ఆ మాటకు మించిన ఉపన్యాసమును నేను వినలేదు. భాండాగారము అందరిదే, కాని మన ఊరి యాకు అందు లేనంతవరకు అది ఇతరుల పుస్తకమే. ఆ కోరిక ఇంకను నెరవేరలేదు. ఆకులను చదివించుటకు ప్రయోగశాల కావలెను, ధనము కావలెను, యత్నించుచున్నాము. ఈలోపల చిన్న పని యొకటి జరిగినది. గెలాక్సీ పాఠములలో ఒకచోట చెప్పిన మెట్టు తెరమీద కనబడు దానితో సరిపోకుండుట ఇద్దరు విద్యార్థులు గుర్తించి, సవరణ వ్రాసి పంపిరి. అది అంగీకరింపబడి, ఆ పాఠము వ్రాసినవారి పట్టికలో వీరి పేర్లును చేరినవి. అంతవరకు పుచ్చుకొనువారుగా నుండినవారు ఆనాడు ఇచ్చువారైరి.

చిక్కులు లేకపోలేదు. కరెంటు పోవును. పని నేర్చినవారు ఉద్యోగములకై బెంగళూరు చేరుదురు. అందుచే, వెళ్లువారు తమ స్థానమున ఒకరికి నేర్పి మఱి వెళ్లవలెనని నియమము పెట్టుకొంటిమి. అన్నిటికంటె సున్నితమైనది భాషావిషయము. మాలో తెలుగువారు ఎక్కువగుటచే సంభాషణ తెలుగున సాగి, కన్నడము మాత్రమే తెలిసిన పిల్లలు మెల్లగా వెనుక వరుసకు జరిగిరి. ఒక తల్లి వచ్చి మా యెదుటనే ఈ మాట అనినది. అల్పసంఖ్యాకుల ఒంటరితనము మనకు తెలిసినంత ఎవరికి తెలియును? మన గదిలో మనమే దానిని ఇతరులకు కల్పింపరాదు. ప్రశ్న ఏ భాషలోనైనను అడుగవచ్చుననియు, సమాధానము మాత్రము కన్నడమునను తెలుగునను నల్లబల్ల మీద వ్రాయవలెననియు నిర్ణయించితిమి. దాని ఫలముగా మా పిల్లల కన్నడమును బాగుపడినది, వారి పిల్లలకు తెలుగును వచ్చినది.

పొరుగు రాష్ట్రములలోని మన తెలుగు సంఘములకు నా మనవి యొక్కటే. మనకు చావళ్లున్నవి, గ్రంథాలయములున్నవి. ఉగాదికిని, సంక్రాంతికిని అవి కళకళలాడును. తక్కిన దినములలో తాళము వేసియుండును. నెలకు రెండు ఆదివారములు ఆ తలుపులు తెరచి, నాలుగు బల్లలును, ఒక ఇంటర్నెట్టు కనెక్షనును ఇచ్చి, శాస్త్రము చదువు పిల్లలను ఏ యింటివారైనను రమ్మనుడు. గురువులు మొదట దూరమున నుండినను నష్టము లేదు. రెండు మూడేండ్లలో మీ ఊరివారే గురువులగుదురు. భాషను ఈవిధముగనే కాపాడుకొంటిమి; విద్యను సంపాదించుకొనుటకును వేరు దారి లేదు.