స్కాన్ అనే యూజరు

ఆడిటర్ గారికి ఆ రోజు నేను చెప్పిన మొదటి మాటే అబద్ధం. "ఎవరో మెయిల్లో వచ్చిన అటాచ్‌మెంట్ ఏదో తెరిచినట్టున్నారండీ" అన్నాను. ఆ ఆఫీసులో ఎవరూ ఏ అటాచ్‌మెంటూ తెరవలేదు. దొంగ వచ్చింది నేను తెరిచిపెట్టిన తలుపులోంచి. ఆ మాట అనేటప్పటికే ఆ సంగతి నాకు తెలుసు.

విజయవాడలో చిన్న ఆఫీసులకు కంప్యూటర్లు, రౌటర్లు, సీసీ కెమెరాలు చూసిపెట్టడం నా పని. ఈ ఆడిటర్ గారి ఆఫీసుకు చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. ఐదు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మెషీను, ఒక బ్రాడ్‌బ్యాండ్ కనెక్షను. క్లయింట్ల లెక్కలన్నీ ఒకే కంప్యూటర్లో, టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు. "బాబూ, ఎన్నాళ్లు మూసేస్తారో తెలియడం లేదు. టాలీ ఉన్న సిస్టమ్‌లోకి ఇంటి దగ్గర్నుంచి వెళ్లేలా చేసిపెట్టు. పోలీసులు రోడ్లు మూసేలోపే రా" అన్నారు. వెళ్లాను. అందులో ఉన్నది విండోస్ 10 ప్రో కాబట్టి రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేశాను. సీసీ కెమెరాలు ఫోన్లో చూసుకోవడానికి స్టాటిక్ ఐపీ అప్పటికే తీసుకుని ఉన్నారు. రౌటర్ పేజీ తెరిచి, పోర్ట్ ఫార్వర్డింగ్‌లో ఒక్క లైను రాశాను: బయటి నుంచి 3389కి, అంటే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టుకు, ఏమొచ్చినా లోపల 192.168.1.10కి, అంటే టాలీ కంప్యూటర్‌కు పంపు. కరెంటు పోయి వచ్చినా కంప్యూటర్ తనంతట తానే లేచేలా బయోస్‌లో మార్చాను. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టలేదు. మర్నాడు రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. ఆ ఆఫీసులో పని మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆడిటర్ గారు పదిమందికి నా నంబరిచ్చారు. ఆ వారంలోనే ఇంకో ఆరు ఆఫీసులకు అదే లైను రాశాను.

ఆ లైను అసలు ఏం చేస్తుందో చెప్పాలి. చిన్న ఆఫీసు రౌటర్లో ఉండే ఫైర్‌వాల్ చేసే ముఖ్యమైన పని ఒకటే. లోపలి వాళ్లు అడిగినదానికి బయటి నుంచి వచ్చే జవాబును రానిస్తుంది. ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చే దేన్నయినా గడప దగ్గరే ఆపేస్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ కాపలావాడితో "ఈ నంబరు చెప్పి ఎవరొచ్చినా అడ్డుపెట్టకు" అని చెప్పడమే. వచ్చేది ఆడిటర్ గారా, ఎక్కడో కూర్చున్న ముక్కూమొహం తెలియనివాడా అని అది చూడదు. చూడమని నేను చెప్పలేదు.

తోటి టెక్నీషియన్ ఒకతను ఫోన్లో విని, "3389 నేరుగా తెరిచావా? మార్చెయ్ అన్నా" అన్నాడు. బయటి నంబరు 33890 చేశాను. ఇక ఎవరికీ దొరకదని నిజంగానే నమ్మాను. కానీ మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లోనే జీమ్యాప్ అనే ప్రోగ్రాం రాశారు. మంచి కనెక్షన్ ఉంటే ఒక్క కంప్యూటర్‌తో ఇంటర్నెట్‌లోని ఐపీవీ4 అడ్రసులన్నిటినీ, అంటే దాదాపు 430 కోట్ల అడ్రసుల పరిధిని, ఒక పోర్టు కోసం 45 నిమిషాల్లోపే తడిమి చూడగలదది. నంబరు మారిస్తే దొరకడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఆ తలుపుకు వీధి ఉందనుకున్నానే గానీ, ఆ వీధిలో ప్రపంచమంతా నడుస్తోందని నాకు తట్టలేదు.

ఇంకొకటి చేశాను. ఒకమ్మాయి ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ నుంచి కనెక్ట్ అవుతుంటే ఎర్రర్ వచ్చింది. నెట్‌వర్క్ లెవల్ అథెంటికేషన్ అనే టిక్కు తీసేశాను. ఎర్రర్ పోయింది. ఆ టిక్కు ఉంటే పాస్‌వర్డ్ సరిపోయాకే స్క్రీన్ కనబడుతుంది. అది లేకపోతే ఎవరు తట్టినా ముందు లాగిన్ స్క్రీన్ వస్తుంది, దాని మీద యూజర్ల పేర్లు వరసగా కనబడతాయి.

ఆ పేర్లలో ఒకటి 'స్కాన్'.

2018లో ఆ ఆఫీసుకు కొత్త జిరాక్సు మెషీను వచ్చింది. కాగితం పెట్టి బటన్ నొక్కితే స్కానైన ఫైలు నేరుగా టాలీ కంప్యూటర్లోని ఫోల్డర్లో పడాలి. దానికోసం మెషీనుకు ఒక యూజరు పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. పేరు స్కాన్, పాస్‌వర్డూ అదే. ఫైలు వెళ్లలేదు, పర్మిషన్ లేదంది. రాత్రి ఎనిమిది దాటింది, ఆకలేస్తోంది. ఫోల్డర్ పర్మిషన్లు ఒక్కొక్కటీ చూసే ఓపిక లేక ఆ యూజర్ని అడ్మినిస్ట్రేటర్ల గ్రూపులో వేసేశాను. టక్కున పనిచేసింది. మళ్లీ దాని ఊసే ఎత్తలేదు.

రిమోట్ డెస్క్‌టాప్ పెట్టినప్పుడు అనుమతి జాబితాలో మూడు పేర్లే రాశాను. ఆ మూడూ మనుషుల పేర్లే, పాస్‌వర్డులూ గట్టివే. అడ్మినిస్ట్రేటర్ల గ్రూపులో ఉన్నవాళ్లకు ఆ జాబితాతో నిమిత్తం లేదు, వాళ్లు ఎలాగూ లోపలికి రావచ్చు. ఆ డైలాగ్ బాక్సులోనే ఆ మాట రాసి ఉంటుంది. వందసార్లు చూసి ఉంటాను, ఒక్కసారీ చదవలేదు.

సెప్టెంబర్లో ఒక సోమవారం పొద్దున అకౌంట్స్ చూసే అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, టాలీ తెరుచుకోవట్లేదు. ఫైళ్ల పేర్లన్నీ మారిపోయినయ్." వెళ్లి చూశాను. ప్రతి ఫైలు పేరు చివర ఏదో తోక. డెస్క్‌టాప్ మీద ఇంగ్లీషులో ఒక నోటు: ఫైళ్లకు తాళం వేశాం, బిట్‌కాయిన్లు పంపితే విప్పుతాం. బ్యాకప్ కోసమని నేనే కొనిపెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్కు ఎప్పుడూ ఆ కంప్యూటర్‌కే తగిలించి ఉండేది. దానిలోనూ అదే తోక.

తలుపు వేసుకుని ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. సెక్యూరిటీ లాగ్‌లో 4625 అంటే తప్పు పాస్‌వర్డుతో వెనుదిరిగినట్టు, 4624 అంటే లోపలికి వచ్చినట్టు. తెర నిండా 4625లే. నిమిషానికి పది, పన్నెండు. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, యూజర్, రిసెప్షన్, టాలీ, స్కాన్, మళ్లీ మొదటికి. ఎన్నాళ్ల నుంచి తడుతున్నారో తెలుసుకుందామని కిందికి లాగుతూ పోతే రెండు రోజుల దగ్గరే ఆగిపోయింది. ఆ లాగ్‌కు మామూలుగా ఉండే జాగా 20 ఎంబీ. కొత్తవి వచ్చి పాతవాటిని తుడిచేస్తున్నాయి. పైకి వచ్చాను. ఆదివారం అర్ధరాత్రి దాటాక 2:14కి ఒక్క 4624. లాగాన్ టైప్ 10, అంటే రిమోట్ డెస్క్‌టాప్. అకౌంట్ పేరు స్కాన్. తప్పు పాస్‌వర్డు ఇన్నిసార్లు కొడితే కాసేపు తాళం పడాలన్న సెట్టింగ్ ఆ కంప్యూటర్లో లేదు. నేను పెట్టలేదు.

ఫోన్లో ఆ స్క్రీన్ ఫొటో తీసుకున్నాను. తర్వాత బయటికొచ్చి ఆ అటాచ్‌మెంట్ మాట చెప్పాను. ఆ వెంటనే కంప్యూటర్ ఫార్మాట్ చేశాను. పని త్వరగా మొదలవ్వాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ లాగ్ ఇంకెవరి కంటా పడకూడదన్న తొందర కూడా అందులో ఉంది. పోలీసులకు చూపించాల్సిన ఆధారాన్ని నా చేతులతో నేనే తుడిచేశాను. అడిగిన డబ్బు ఇచ్చేది లేదని ఆడిటర్ గారు అప్పటికే తేల్చేశారు.

ఆఫీసును కాపాడింది ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్. ఎవరూ చెప్పకుండానే అప్పుడప్పుడూ టాలీ డేటా కాపీ చేసుకుని ఇంటికి పట్టుకెళ్లేది. చివరి కాపీ పదకొండు రోజుల కిందటిది. ఆ పదకొండు రోజుల వోచర్లూ మళ్లీ ఎక్కించాలి. ఆమె టైప్ చేస్తుంటే నేను పక్కన కూర్చుని బిల్లు నంబరు, తేదీ, మొత్తం చదివేవాణ్ని. రెండో రోజు మధ్యాహ్నం చేయి ఆపి అంది: "అన్నా, కొరియర్ వాళ్ల పేరుతో ఒక మెయిల్ వచ్చింది మొన్న. నేను తెరవలేదనే గుర్తు. కానీ తెరిచానేమో. సార్ మాట్లాడటం లేదు నాతో."

ఇన్‌బాక్స్ చూసేది ఆ అమ్మాయే. నా అబద్ధం ఎవరి మీద పడుతుందో ఆ రోజు నేను ఆలోచించలేదు. బిల్లుల కట్ట కింద పెట్టి, ఫోన్లో ఫొటో తెరిచి ముందు ఆమెకు చూపించాను. తర్వాత ఆడిటర్ గారి గదిలోకి వెళ్లి మొదటి నుంచీ చెప్పాను, జిరాక్సు మెషీను దగ్గర మొదలుపెట్టి. ఆయన కోప్పడలేదు. లేచి బయటికొచ్చి, "అమ్మా, నీ తప్పేం లేదు, నేనే తొందరపడ్డాను" అన్నారు ఆమెతో. నాతో మాత్రం, "మళ్లీ రాకుండా ఏం చేస్తావో కాగితం మీద రాసివ్వు" అన్నారు.

రాసిచ్చిందే చేశాను. పోర్ట్ ఫార్వర్డింగ్ మొత్తం తీసేశాను, కెమెరాలది కూడా. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ నడిచే ఫైర్‌వాల్ బాక్సు పెట్టాను. బయటికి తెరిచి ఉన్నది ఒకే ఒక యూడీపీ పోర్టు, 51820. తన దగ్గర నమోదైన తాళంచెవి లేనివాడు తడితే వైర్‌గార్డ్ అసలు బదులే ఇవ్వదు. అక్కడ తలుపుందని కూడా అవతలివాడికి తెలియదు. మనిషికో తాళంచెవి. లోపలికి వచ్చినవాళ్లు టాలీ కంప్యూటర్ దాకే వెళ్లగలరు. ఐదుసార్లు తప్పు పాస్‌వర్డు కొడితే అరగంట తాళం. స్కాన్ యూజరు ఇప్పుడు ఒక్క ఫోల్డర్లో ఫైలు రాయగలదు, అంతకుమించి దేనికీ పనికిరాదు. బ్యాకప్‌కు రెండు డిస్కులు. ఒకటి తగిలించి ఉంటే రెండోది ఆడిటర్ గారింట్లో బీరువాలో ఉంటుంది, శనివారం మారుస్తారు.

మొదటి రోజు వైర్‌గార్డ్ కనెక్ట్ అయింది గానీ ఆయన ఇంటి నుంచి టాలీ కంప్యూటర్ తగల్లేదు. రెండు గంటలు జుట్టు పీక్కున్నాను. ఆఫీసులోనూ 192.168.1, ఇంట్లో రౌటరూ 192.168.1. ఆయన లాప్‌టాప్ ఆఫీసు కంప్యూటర్ని ఇంట్లోనే వెతుక్కుంటోంది. ఆఫీసు నెట్‌వర్క్ 192.168.77కి మార్చాక సరిపోయింది. ఏ చిన్న ఆఫీసుకు నెట్‌వర్క్ పెట్టినా మొదటి రోజే ఆ నంబర్లు మార్చిపెట్టడం ఇప్పుడు నాకు అలవాటు.

2022లో ఒకతను ఉద్యోగం మానేశాడు. వెళ్లిన సాయంత్రమే అతని తాళంచెవి తీసేశాను, రెండు నిమిషాల పని. మిగతావాళ్లెవరూ పాస్‌వర్డు మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇక ఆ ఆరు ఆఫీసులు. ఒక్కొక్క చోటికీ వెళ్లి, మార్చిలో నేను పెట్టినది తప్పు, తీసేయడానికి వచ్చానని చెప్పాను, డబ్బు తీసుకోలేదు. ఇద్దరు కోప్పడ్డారు. ఒకాయన, బాగానే పనిచేస్తోందిగా, ఎందుకు తీస్తావని వాదించాడు. ఆయన కంప్యూటర్లోనే లాగ్ తెరిచి ఆ 4625ల వరస చూపించాను. మేం చూస్తుండగానే కొత్తవి వచ్చి చేరుతున్నాయి.

మీ ఆఫీసులో ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు ఉంటే, అది పెట్టినవాణ్ని పిలిచి రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ మీ ఎదుట తెరిపించండి. అందులో ఉన్న ప్రతి లైనూ ఎవరి కోసమో అడగండి. తర్వాత కంప్యూటర్లో అడ్మినిస్ట్రేటర్ల గ్రూపు తెరిపించి, అక్కడున్న ప్రతి పేరూ ఎవరిదో అడగండి. జవాబు లేని లైనూ, మనిషి లేని పేరూ ఈ రోజే తీయించేయండి.