దారి ఎంచుకునేది ట్రైలరే

అమెరికాలో మన తెలుగువాళ్ల రోడ్ ట్రిప్పులకు ఒక పద్ధతుంది. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, మినీవ్యాన్ అద్దెకు తీసుకుని, పులిహోర డబ్బాలు సర్దుకుని, తెల్లవారుజామునే బయల్దేరతాం. డ్రైవరు మారతాడు గానీ బండి ఆగదు. దారి సంగతి ఫోన్ చూసుకుంటుంది. డెన్వర్‌లో ఉండే మేమూ అలాగే తిరిగాం, ట్రక్కు వెనక క్యాంపింగ్ ట్రైలర్ తగిలించేదాకా.

అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో ఎల్లోస్టోన్ వెళ్దామనుకున్నాం. అమ్మకు బయటి తిండి పడదు, నాన్న ఎక్కువసేపు కూర్చోలేడు. ట్రైలర్ అయితే పొయ్యి, మంచం, బాత్రూమ్ మనతోనే వస్తాయి. కారులో ఎల్లోస్టోన్ సుమారు ఐదొందల మైళ్లు. "పొద్దున్నే లేస్తే రాత్రి భోజనానికి అక్కడుంటాం బాస్" అన్నాడు కలిసి వస్తానన్న మిత్రుడు. ఫోన్ కూడా అదే మాట చెప్పింది. కానీ కారు కోసం దారి చూపే మ్యాప్‌కు మన వెనక ఇంకో పెట్టె వస్తోందని తెలియదు.

ఆ పెట్టెకు ఎత్తు, పొడవు, బరువు ఉంటాయి. మోంటానాలోని గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డునే తీసుకోండి. కొండ మీది భాగంలోకి 21 అడుగులు మించిన పొడవు, 8 అడుగులు మించిన వెడల్పు ఉన్న బండిని రానివ్వరు. ట్రక్కునూ ట్రైలర్‌నూ కలిపి కొలుస్తారు గనుక మా బండికి అక్కడ చోటే లేదు. అందుకే వెళ్లగలిగిన దారులకంటే ముందు, వెళ్లకూడని దారులు కొట్టేసుకుంటూ రావాలి.

మా దారిలో వచ్చే వయోమింగ్‌లో మొదట చూడాల్సింది గాలి. ఐ-80 హైవే మీద లారమీ నుంచి రాలిన్స్ దాకా ఉన్న వంద మైళ్లు గాలికి పేరుమోసినవి. 1970లో ఆ రోడ్డు తెరిచేముందే, ఎల్క్ మౌంటెన్ పక్కనుంచి వేయొద్దని స్థానికులు హెచ్చరించారట. మెడిసిన్ బో మీదుగా పాత యూఎస్-30 చుట్టూ తిరిగి వెళ్లేది అందుకే. గాలి ఎక్కువైతే తేలికగా, ఎత్తుగా ఉండే బండ్లకు ఐ-80 మూసేస్తారు. ఖాళీ లారీలతోపాటు మన ట్రైలర్లూ ఆ లెక్కలోకే వస్తాయి. మధ్యాహ్నానికి గాలి ముదురుతుంది కాబట్టి ఆ ముక్క పొద్దున్నే దాటేలా ముందురోజు బసను చెయెన్‌లో పెట్టుకున్నాం.

గాలి తర్వాత కొండ. ఎత్తుకు పోయేకొద్దీ, టర్బో లేని ఇంజనుకు వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి తగ్గుతుంది. నేను ఆ లెక్కలు వేస్తుంటే, పల్నాడులో ఎడ్లబండి తోలిన నాన్న అడిగాడు: "ఎక్కడం సరేరా, దిగేటప్పుడు ఎట్టా ఆపుతావు?" అసలు ప్రశ్న అదే. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు కాగిపోయి పట్టు తప్పుతాయి. దిగడం మొదలుపెట్టకముందే తక్కువ గేరులోకి మార్చుకోవాలి, ట్రైలర్ బ్రేకులు ముందే పరీక్షించుకోవాలి.

తిరుగుదారిలో ఐడహో చూసి టెటన్ పాస్ మీదుగా జాక్సన్‌కు దిగుదామన్నాడు మిత్రుడు. అక్కడి వాలు 10 శాతం. చలికాలంలో ట్రైలర్లను నిషేధిస్తారు కూడా. వేసవిలో అనుమతి ఉన్నా నేను ఒప్పుకోలేదు. రాలిన్స్, లాండర్, డుబోయిస్ మీదుగా టోగ్వోటీ పాస్ దాటే దారే రానూపోనూ ఖాయం చేశాం. అదీ 9,600 అడుగుల పైమాటే, కానీ వాలు అంత నిటారు కాదు.

సర్దడం కూడా దారి లెక్కలో భాగమే. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కితే గాలికి తోక ఊగుతుంది. బియ్యం బస్తాను, గ్రైండర్‌ను వెనక అరలోంచి తీయించి ఇరుసుకు కాస్త ముందుకు పెట్టించాను. అమ్మ గొణిగింది గానీ బండి ఊగలేదు.

మిగిలింది ఆగే చోట్లు. ఎల్లోస్టోన్ లోపల నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్న క్యాంపు ఫిషింగ్ బ్రిడ్జి ఒక్కటే. ఎలుగుబంట్ల భయంతో అక్కడ గుడ్డ గోడల ట్రైలర్లను, టెంట్లను ఒప్పుకోరు. ముందుగా ఆ బుకింగ్ దొరికిన తేదీలు చూసుకుని, దాన్నుంచి వెనక్కి లెక్కేసి సెలవు పెట్టాను. పెట్రోలు బంకుల్ని కూడా ఉపగ్రహ చిత్రంలో చూసుకున్నాను, లోపలికి వెళ్లిన బండి రివర్స్ అక్కర్లేకుండా బయటపడుతుందా అని.

ఇదంతా చదివి చాదస్తం అనిపించవచ్చు. కానీ రోజూ కొంత దూరమే తోలడంతో నాన్న లాండర్‌లో సాయంత్రం నడకకు వెళ్లాడు, అమ్మ వేడి అన్నం వండింది, పిల్లలు తాతయ్య కబుర్లు విన్నారు. ఈ వేసవికి ట్రైలర్ అద్దెకు తీసుకోవాలనుకుంటే ముందు బసలు ఖాయం చేసుకోండి, తర్వాత గాలి, వాలు, ఎత్తు చూసుకోండి, ఫోన్ చెప్పే గంటలకు సగం కలపండి. చీకటి పడకముందే క్యాంపు చేరండి. అంత సెలవు దొరక్కపోతే మినీవ్యానే మేలు.