ఇంతకు ముందు, ముందు ముందు

ఎల్ ఆల్టో, బొలీవియా
ఆగస్టు 3, రాత్రి

నాన్నా, అమ్మా,

క్షేమంగా చేరాను. బాగానే ఉన్నానని రాద్దామనుకున్నాను గానీ, చిన్నోడు ఉత్తరం చదివి వినిపిస్తుంటేనే అమ్మ పసిగట్టేస్తుంది. అందుకని ఉన్నదే చెబుతున్నాను. తల పగిలిపోతోంది. లీమాలో ఆఫీసు పని ముగించుకుని, పూనో మీదుగా బస్సులో వచ్చాను. ఈ ఊరు సముద్ర మట్టానికి 4,100 మీటర్లు పైన ఉంది. మంచం మీంచి లేచి కిటికీ దాకా వెళ్తే సిమెంటు బస్తా మోసినట్టు ఆయాసం. దీన్ని ఇక్కడ సొరోచే అంటారు. లాడ్జి ఆవిడ కోకా ఆకులు వేసి మరిగించిన నీళ్ళిచ్చింది. పసరు వాసన. రెండు గ్లాసులు తాగాక కాస్త నెమ్మదించింది. ఆగస్టంటే ఇక్కడ చలికాలం. అమ్మా, వద్దు వద్దంటున్నా నువ్వు పెట్టెలో కుక్కిన శాలువాయే ఇప్పుడు నా మెడ చుట్టూ ఉంది.

టాక్సీ గొడవ చెప్పాలి. బస్సు దిగిన చోట పాతిక బొలివియానోలకు మాట్లాడుకుని ఎక్కాను. లాడ్జి ముందు ఆపి, పెట్టెకి వేరే, మొత్తం యాభై అన్నాడు. సరే, దండుగ పోతే పోయిందని యాభై నోటు తీసిచ్చాను. అంచున గోరంత చిరుగు ఉందని అదీ తీసుకోనన్నాడు. ఇక్కడ చిరిగిన నోటు ఎవరూ ముట్టుకోరట. ఆర్నెల్లు కూర్చుని నేర్చుకున్న స్పానిష్ అంతా గొంతులోనే ఆగిపోయింది. ఊపిరాడక, చలికి వణుకుతూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాన్నా. అప్పుడు మెట్ల దగ్గర రొట్టెలు అమ్ముకునే ఒక పెద్దావిడ లేచింది. కుచ్చుల పావడా, రెండు జడలు, నెత్తిన గుండ్రటి నల్ల టోపీ. అతన్ని ఇక్కడి ఆదివాసుల ఐమరా భాషలో ఏమేం అందో గానీ, అచ్చం మన సూరమ్మత్త చేపలబ్బాయితో మాట్లాడినట్టే ఉంది. అతను పాతికే తీసుకుని వెళ్ళిపోయాడు. చిల్లర ఆవిడే ఇచ్చింది, నా చిరుగు నోటు తన కొంగులాంటి గుడ్డలో ముడేసుకుంది. ఒక రొట్టె నా చేతిలో పెట్టి, డబ్బులిస్తే వద్దంది.

ఇంతలో ఎదురింటికి లైట్లు వెలిగాయి. చుట్టూ పూత లేని ఎర్ర ఇటుక ఇళ్ళు, మధ్యలో ఆరంతస్తుల మేడ. నారింజ, ఆకుపచ్చ, ఊదా. కిటికీలు వజ్రాల ఆకారంలో, కొన్ని గుండ్రంగా పక్షి కళ్ళలా. నాకు తోచింది ఒకటే: కనుమ నాటి జగ్గన్నతోట ప్రభ ఊరేగి ఊరేగి ఇక్కడికొచ్చి కాంక్రీటై నిలబడింది. ఈ మేడల కోసమే ఇంత దూరం వచ్చాను. మిగతాది తలనొప్పి తగ్గాక.

చంటిని కాలవ గట్టుకి ఒంటరిగా పంపకండి.

ఆగస్టు 5, సాయంత్రం

నాన్నా,

ఈ ఉత్తరం నీకు. అమ్మకి బోరు కొడితే వెళ్ళి సీరియల్ చూసుకోవచ్చు.

నిన్న ఒంట్లో కుదుటపడింది. కిందనున్న లా పాస్ నగరానికి తీగల మీద నడిచే పెట్టెలో దిగి, మళ్ళీ అదే దారిన ఎక్కాను. 2014లో మొదలైందిది. జనం ఆఫీసులకీ బజారుకీ ఇందులోనే వెళ్తారు. స్టేషన్లకు స్పానిష్ పేరుతో పాటు ఐమరా పేరు కూడా రాసి ఉంటుంది. ఇల్లిమానీ మంచుకొండ కనిపించింది, బాగుంది.

ఇక మేస్త్రీ సంగతి. ఈ మేడల శైలికి ఆద్యుడి పేరు ఫ్రెడ్డీ మామాని. కాటావి అనే చిన్న ఐమరా పల్లెలో పుట్టాడు. కుర్రతనంలోనే తాపీ పనిలో చేరాడు, తరవాత ఇంజనీరింగు చదివాడు. ఈ ఒక్క ఊళ్ళోనే అరవైకి పైగా మేడలు కట్టాడు. నీకు నచ్చే సంగతి ఇది: కాగితం మీద ప్లానులు గీయడు. ఏం కావాలో అక్కడే గోడ మీద గీసి, నోటితో చెప్పి, పనివాళ్ళ చేత చేయిస్తాడు. 2018లో పారిస్‌లోని కార్టియే ఫౌండేషన్ వాళ్ళు పిలిస్తే, అక్కడ గాజు భవనం లోపల ఇలాంటి విందుశాల ఒకటి కట్టి చూపించాడు. బొగ్గు ముక్కతో గోడ మీద ఆర్చీ గీసి, "ఇట్టా రావాల్రా" అని నువ్వు సత్తిబాబుకి చెప్పడం గుర్తొచ్చింది.

ఒక మేడ లోపలికి వెళ్ళాను. కింద దుకాణాలు. పైన రెండంతస్తుల ఎత్తున విందుశాల. దాని పైన అద్దె వాటాలు. నడినెత్తిన యజమాని ఇల్లు, డాబా మీద మరో చిన్న ఇల్లు పెట్టినట్టు. దుకాణాల అద్దె, పెళ్ళిళ్ళ అద్దె కలిపి మేడ తన ఖర్చు తనే రాబట్టుకుంటుందని తాళాలు తీసినావిడ చెప్పింది. యజమానులు చాలామంది సంతలో, టోకు వ్యాపారంలో పైకొచ్చిన ఐమరా కుటుంబాలవాళ్ళే.

శాలలో ఆవిడ స్విచ్చి వేసింది. పైకప్పంతా మెట్లు మెట్లుగా దిగే ప్లాస్టరు పని, ప్రతి మెట్టు అంచునా దీపాల వరస. స్తంభాలు కింద సన్నం, పైకి వెళ్ళే కొద్దీ రెక్కలు విప్పుతాయి. వెయ్యి యేళ్ళ కిందటి తివనాకు శిథిలాల రాళ్ళ మీది మెట్ల గుర్తు, దాన్ని చాకానా అంటారు, తలుపు మీదా, అద్దం చట్రంలోనూ, బాల్కనీ కమ్మీల్లోనూ ఉంది. రంగులు ఎక్కణ్ణుంచి తెచ్చారని అడిగాను. ఆవిడ మాట్లాడకుండా భుజం మీది గుడ్డ విప్పి స్తంభానికి ఆనించి పట్టుకుంది. అవాయో అంటారు దాన్ని. చంటిబిడ్డనీ బంగాళాదుంపలనీ వీపున కట్టుకునే నేత గుడ్డ. గులాబీ చార పక్కన పచ్చ, దాని పక్కన నారింజ. స్తంభం మీదా అదే వరస.

ఈ మేడల్ని జనం "చోలెట్" అంటారు. చోలో అనేది ఇక్కడి ఆదివాసుల్ని చిన్నబుచ్చే మాట, దానికి షాలే అనే విలాసపు ఇంటి పేరు తగిలించారు. 1952 దాకా బొలీవియాలో చదువు రానివాళ్ళకు ఓటు లేదు, అంటే ఐమరావాళ్ళలో చాలామందికి లేనట్టే. 2006లో వాళ్ళ మనిషి ఎవో మొరాలెస్ దేశాధ్యక్షుడయ్యాడు. ఆ తరవాతి యేళ్ళలోనే ఈ రంగులు ఊరంతా పాకాయి. అది డబ్బు చూపించుకోవడం మాత్రమేనంటే నేను ఒప్పుకోను. తాతల గుడ్డ కట్టుకుని వీధిలోకి రావడానికే జంకిన మనుషులు, అదే గుడ్డని ఆరంతస్తుల మేడకి కట్టారు.

బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఆయాసం వల్ల కాదు నాన్నా. 1988లో నువ్వు కట్టిన మన ఇంటి ముందు, పగిలిన పింగాణీ సాసర్ల ముక్కలు ఏరి ఏరి అతికించిన రెండు నెమళ్ళు. వాటిని కొట్టేసి ఏసీపీ షీట్లు, నల్లద్దాలు బిగించే కొత్త ఎలివేషన్ గీసింది నేనే. చిన్నోడు అడిగాడు, నిజమే, గీసింది మాత్రం నేను. కాగితం నీ ముందు పెట్టినప్పుడు నువ్వు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ కాలానికి ఇదే బాగుంటుందేమోలే" అన్నావు. ఆ మాట రెండు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఆగస్టు 7

అమ్మా,

ఇవాళ వరలక్ష్మీ వ్రతానికి సామాన్లు తెచ్చుకున్నావా? ఉడకబెట్టిన సెనగలు తలుచుకుంటే ఏడుపొస్తోంది. తిండి సంగతి అడుగుతావుగా, అందుకే ఇవాళంతా అదే రాస్తాను.

ఒక మేడ కడుతున్న చోటికి వెళ్ళాను. పరంజా మధ్య నిలబడి చూస్తుంటే మేస్త్రీ పలకరించాడు. మా నాన్నా మేస్త్రీయే అని చెప్పాను. అంతే, అక్కణ్ణుంచి నేను చుట్టాన్నయిపోయాను. మధ్యాహ్నం పనివాళ్ళంతా నేల మీద అవాయోలు పరిచి, ఎవరి మూట వాళ్ళు దాని మీద విప్పి పోశారు. ఉడికిన బంగాళాదుంపలు నాలుగైదు రకాలు, గింజ లావు చిక్కుళ్ళు, మొక్కజొన్న, జున్నులాంటి తెల్ల చీజు. నీది నాది అని లేదు, చుట్టూ కూర్చుని చేత్తోనే తినాలి. దీన్ని అప్తాపి అంటారు. వారం రోజుల తరవాత చేత్తో తిన్నాను అమ్మా, నలుగురి మధ్య, ఎవరూ వింతగా చూడకుండా.

దుంపల్లో నల్లగా గులకరాళ్ళలా ఉండేవి చూన్యో. రాత్రి మంచులో గడ్డకట్టించి, పొద్దున కాళ్ళతో తొక్కి నీరు పిండేసి, ఎండబెడతారు. ఏళ్ళ తరబడి నిలవుంటుందట, మన వడియాల్లా. రుచి మాత్రం మట్టి మట్టిగా ఉంది, రెండోది తినలేకపోయాను. కానీ పచ్చడి! టమాటా, లొకోటో అనే లావుపాటి మిరపకాయ, ఏదో ఆకు వేసి రాతి మీద నూరారు. పేరు ల్యాహ్వా. నాలిక మీద పెట్టుకోగానే నీ రోలు, నీ గాజుల చప్పుడు. మూడుసార్లు వేయించుకున్నాను. ఆ మేస్త్రీ భార్య నవ్వి, మిగిలినది సీసాలో పోసిచ్చింది.

పునాదిలో ఏం వేస్తారని అడిగితే, భూమితల్లికి, అంటే పాచమామకి, ఎండబెట్టిన లామా పిండం పాతిపెడతామన్నాడు. ఆగస్టులో ఆవిడ నోరు తెరుచుకుని ఉంటుందట, ఆకలి మీద. మేం నవధాన్యాలు వేస్తామని చెప్పాను. "తినాలి కదా" అన్నాడు. అంతే.

నాన్నకి చెప్పాల్సిన మాట ఇంకొకటి. ఇంత పాత గుర్తులు ఇంత కొత్త మేడకి ఎందుకు అని ఆ మేస్త్రీని అడిగాను. తమ భాషలోని రెండు మాటలు చెప్పాడు. ఐమరాలో నయ్‌రా అంటే కన్ను, ముందు, గడిచిన కాలం కూడా. ఖీపా అంటే వీపు వెనక, రాబోయేది కూడా. జరిగింది కళ్ళముందు ఉంటుంది, చూశాం కాబట్టి. రాబోయేది వెనకుంటుంది, కనపడదు కాబట్టి. ఇది చెబుతూ అతను చేత్తో రేపటిని భుజం మీదుగా వెనక్కి చూపించాడు. లాడ్జికి వచ్చాక మన మాట తట్టింది. ఇంతకు ముందు అంటాం, ముందు ముందు అంటాం. రెంటికీ ఒకటే ముందు. రోజూ వాడుతూ ఎన్నడూ గమనించలేదు.

కోపకబానా
ఆగస్టు 9

నాన్నా,

తిరుగు ప్రయాణంలో ఉన్నాను. టిటికాకా సరస్సు ఒడ్డున కూర్చుని రాస్తున్నాను, ఎండగా ఉంది, తల తేలిగ్గా ఉంది. దారిలో టికీనా జలసంధి దగ్గర మా బస్సుని చెక్క బల్లకట్టు మీద ఎక్కించారు, మమ్మల్ని వేరే పడవలో. పెట్టె బస్సులో ఉంది, ల్యాహ్వా సీసా చేతిలో ఉంది.

నిన్న తివనాకు చూశాను. సూర్య ద్వారం ఏకశిల, అందరూ దాని ముందే ఫొటోలు. నేను పక్కనున్న పూమా పుంకు దగ్గరే మధ్యాహ్నమంతా ఉండిపోయాను. అక్కడ రాళ్ళు ఒకే కొలతకి, ఒకే ఆకారానికి చెక్కి వరసగా పడున్నాయి, అచ్చులో పోసిన దిమ్మెల్లా. లోపలి మూల మీద వేలు పెట్టి రాశాను. ఎక్కడా గరుకు తగల్లేదు, రసమట్టం పెట్టాలనిపించింది. రాయికీ రాయికీ మధ్య గాడి తొలిచి, అందులో కరిగిన లోహం పోసి బిగించారు. వెయ్యేళ్ళు దాటింది. మనం కొత్తదని చెప్పుకునే అచ్చు పనిని వాళ్ళు అప్పుడే ఆలోచించారు. మామాని కంటికి ఈ రాళ్ళు శిథిలాలుగా కనపడి ఉండవు, మేస్త్రీ వదిలి వెళ్ళిన కొలతలుగా కనపడి ఉంటాయి.

రేపటి ఇల్లు అంటే నల్లద్దమే అని నాకు ఎవరూ బలవంతంగా నేర్పలేదు. పదిహేనేళ్ళుగా అదే గీస్తూ నేనే నమ్మేశాను. చిన్నోడు అడిగినవి న్యాయమే: పైన వాటా కావాలి, కారు పెట్టుకునే చోటు కావాలి, వానకి కారకూడదు. అవన్నీ చేద్దాం. నెమళ్ళ మీద చెయ్యి పడకుండా చేద్దాం. ఇంకా చెప్పాలంటే, పై అంతస్తు మొత్తానికి పింగాణీ పని నువ్వే దగ్గరుండి చేయించాలి. నీ మోకాళ్ళు పరంజా ఎక్కనివ్వవు, తెలుసు. కింద కుర్చీ వేసుకుని చెప్పు, ఎక్కేది నేను.

అమ్మా, పగిలిన కప్పులూ సాసర్లూ పారేయకు, అటక మీద గోనెసంచిలో వెయ్యి. చిన్నోడికి చెప్పు, నేనొచ్చేదాకా ఆ షీట్లవాడికి అడ్వాన్సు ఇవ్వొద్దని. ఇచ్చేసి ఉంటే ఆ డబ్బు నేను పెట్టుకుంటాను.

నాన్నా, బొగ్గు ముక్క ఒకటి సిద్ధంగా ఉంచు. వెనక గోడకి ఈ యేడు సున్నం వెయ్యనివ్వకు.

నీ కూతురు