మాటల వేషం

ముఖానికి రంగు పూసుకోకుండా, జడకుచ్చులు పెట్టుకోకుండా, ఆ మాటకొస్తే కట్టుకున్న నేతచీరైనా మార్చకుండా వేషం కట్టొచ్చంటే మీరు నమ్ముతారా? నమ్మాలి మరి. ఫోనులోనూ కంప్యూటరులోనూ అలాంటి ఆటలున్నాయి. బొమ్మలుండవు, పాటలుండవు, తుపాకుల మోత ఉండదు. ఉన్నవల్లా అక్షరాలే. నలుగురైదుగురు తలా ఒక పాత్ర పుచ్చుకుని, ఎవరింట్లో వాళ్లు కూచుని, తమ పాత్ర ఏమందో, ఏం చేసిందో వంతులవారీగా రాస్తూ పోతారు. కథ ఎటు పోతుందో రాసేవాళ్లకే తెలీదు.

ఇదేదో నిన్నమొన్న పుట్టిన పిచ్చి అనుకోకండి. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఇలాంటి మాటల ఆట ఒకటి మొదలుపెడితే, రిచర్డ్ బార్టిల్ అనే మరో విద్యార్థి దాన్ని పెంచి పెద్దచేశాడు. దానికి పెట్టిన పొట్టిపేరు 'మడ్'. ఇంగ్లీషులో ఆ మాటకి బురద అని కూడా అర్థం. దిగినవాళ్లు ఓ పట్టాన బయటికి రాలేదు కనక పేరు బాగానే కుదిరింది!

నన్ను ఈ బురదలోకి లాగింది మా చెల్లెలి కూతురు. "పెద్దమ్మా, నీకు మాటలకి కరువా? రా!" అంది. కథ దివిసీమలో, రోడ్లు లేక పడవల మీదే రాకపోకలు సాగే రోజుల్లో, ఓ కాలవగట్టు ఊళ్లో. పూటకూళ్లమ్మ వేషం ఆ పిల్లే ముందుగా పట్టేసింది. నాకు పడవ సరంగు మిగిలాడు.

మీసాల సరంగు వేషం నాకేవిటని నవ్వొచ్చింది గాని, మన ప్రాంతం వాళ్లకి ఇది కొత్తా చెప్పండి? కూచిపూడిలో తరతరాలపాటు మగవాళ్లే సత్యభామలయ్యారు. వేదాంతం సత్యనారాయణశర్మగారి భామ వేషం దేశమంతా చూసింది. ఆయనకి 1970లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే బాపట్ల వారైన స్థానం నరసింహారావుగారు 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వాళ్లు మన నడకా, మన అలకా అంత శ్రద్ధగా చదువుకున్నప్పుడు, మనం ఒక్క సరంగుని చదవలేమా?

చదవడం అంటే నిజంగా చదవడమే. ఈ ఆటలో బాగుపడాలంటే మొదటి మెట్టు పాత్ర పని తెలుసుకోవడం. "సరంగుకి కోపం వచ్చింది" అని రాస్తే ఎవరికీ కోపం కనపడదు. "సరంగు గెడని గట్టుకేసి ఓ పోటు పొడిచాడు" అంటే పడవతోపాటు చదివేవాళ్లూ ఊగుతారు. బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలవలు చేలకి నీళ్లివ్వడమే కాదు, పడవలకి దారులు కూడా అయ్యాయి. ఆ పడవలు ఎక్కిన పెద్దవాళ్లని అడిగి లాకుల సంగతి తెలుసుకున్నాను. రెండు తలుపుల మధ్య పడవ ఆగాలి. లోపలి నీళ్లూ అవతలి నీళ్లూ ఒక మట్టానికి వచ్చాకే తలుపు తెరుస్తారు. తొందరపడి లాభం లేదు.

రెండో మెట్టు, పాత్రకి తెలిసిందే మనకి తెలియాలి. తెర మీద అందరి రాతలూ మన కళ్లబడతాయి. పూటకూళ్లమ్మ ఇంట్లో ఎవరు ఎవరితో గుసగుసలాడారో నాకు తెలుసు. పాపం, నడి కాలవలో ఉన్న సరంగుకేం తెలుసు? తెలిసీ తెలియనట్టుండడం ఎంత కష్టమో ఇరుగుపొరుగు ఉన్న మనకి వేరే చెప్పాలా!

మూడోది అన్నిటికంటే కష్టం. ఎదుటివాళ్ల పాత్ర నోట్లో మాట పెట్టకూడదు, దాని చేత పని చేయించకూడదు. "సరంగు చెయ్యి చాచాడు" వరకే మన హక్కు. ఆ చెయ్యి అందుకోవడమా మానడమా అవతలివాళ్ల ఇష్టం. ఇల్లు నడిపే ఆడవాళ్లకి ఇది కొరుకుడు పడదు. "ఆయనకి పులుపు పడదండీ," "వాడికి నిద్దరొస్తోంది," "అమ్మాయికి ఆ రంగు నచ్చదు" అంటూ ఇంటిల్లిపాది మాటలూ మన నోటే పలుకుతూంటాయి. తమాషా ఏమిటంటే, అందులో "నాకిది కావాలి" అన్న ఒక్క మాట మాత్రం ఉండదు.

ఎదుటివాళ్ల చేత మాట్లాడించడం ఎలాగో మన భామాకలాపంలో మాధవిని చూసి నేర్చుకోవాలి. భామ మొగుడెవరో లోకానికంతకీ తెలుసు. అయినా మాధవి ఏమీ ఎరగనట్టు ఆయన పేరేమిటని అడుగుతుంది. పేరు చెప్పడానికి భామ పడే సిగ్గంతా ఆ ఒక్క ప్రశ్నలోంచే పుడుతుంది. ఉగాదికి సాహిత్య సభల్లో కవిపండితులు భువనవిజయం కట్టినప్పుడూ అంతే. తెనాలి రామకృష్ణుడి వేషం వేసినాయన నవ్వులన్నీ తనే మూట కట్టుకుంటే సభ చప్పబడిపోతుంది. పెద్దనకీ తిమ్మనకీ కూడా వంతు రావాలి కదా! మంచి ఆటగాడంటే పక్కవాడి వేషాన్ని వెలిగించేవాడు.

మా జట్టులో ఒకావిడ కొత్తకోడలి వేషం వేస్తోంది. ఆవిడ ఊరూ పేరూ నాకు తెలీదు. ఓ రాత్రి ఆ కోడలు చిన్న మూట చంకన పెట్టుకుని, చెప్పాపెట్టకుండా నా పడవెక్కింది. ఇంకేం, నా వేళ్లు తహతహలాడాయి. పడవ వెనక్కి తిప్పి పిల్లని అత్తింటి గుమ్మంలో దింపమని ఒక మనసు. పుట్టింటికి చేర్చెయ్యమని ఇంకో మనసు. రెండూ నా కథలే గాని ఆ పిల్ల కథలు కావు. లాకు తలుపు గుర్తొచ్చింది. సరంగు చేత రెండే మాటలు అనిపించాను: "ఎక్కడికి తల్లీ?"

జవాబు చాలాసేపు రాలేదు. నేనూ కదల్లేదు. చివరికి తెర మీద అక్షరాలు కనపడ్డాయి: "ఏమో. ఇంతవరకూ నన్నెవరూ ఈ మాట అడగలేదు."

ఆట అయ్యాక ఆవిడ విడిగా నాకో ముక్క రాసింది, ఈ మాట రాయాలని ఎన్నాళ్లనుంచో ఉందని. అది కోడలి మాటో, కోడలి వేషం వేసినావిడ మాటో నేను అడగలేదు. వేషం అన్నాక ఆ తెర ఉండాలి. తెర ఉంది కనకే మాట బయటికొచ్చింది. పాత్ర కోపాన్ని మనిషికి అంటగట్టకూడదన్నది ఈ ఆటలో పెద్ద నియమం. పాత్ర కన్నీళ్ల విషయంలోనూ అదే మర్యాద.

కొత్తకోడలు మూడు వారాలుగా ఇంకా నా పడవలోనే ఉంది. ఎక్కడ దిగాలో ఆ పిల్ల తేల్చుకునేదాకా సరంగు గెడ వేస్తూనే ఉంటాడు. మీకూ సరదా పుడితే ఓ వేషం కట్టి చూడండి. పొయ్యి మీద పాలు పెట్టి మాత్రం కూచోకండి. పడవ రేవు చేరేదాకా పాలు పొంగకూడదని ఏ ఆటలోనూ నియమం లేదు!